బొడ్డు ఊడిన చోట రక్తం, పరీక్షలన్నీ మామూలే: ఇంకేం చూడాలి?

ప్రశ్న: మా బాబుకు మూడు నెలలు. బొడ్డు ఊడిన తరువాత వారం దాటినా అక్కడ రక్తం ఊరుతూనే ఉండేది. మొన్న టీకా వేసిన తొడ మరునాటికి గట్టిగా వాచి కమిలిపోయింది. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డ కట్టే సమయాన్ని చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు అన్నీ సరిగా ఉన్నాయని, భయం లేదని చెప్పారు. మాది మేనరికం. ఇంకా చేయించవలసిన పరీక్ష ఉందా?

జవాబు: ఉందండీ. మీరు చెప్పిన లక్షణాలకు మామూలుగా వచ్చిన ఈ రిపోర్టులు తోడైతే ముందుగా అనుమానించవలసింది, కట్టిన రక్తపు గడ్డను గట్టిపరిచే ఫ్యాక్టర్ 13 అనే ప్రోటీన్ లోపాన్ని. ఇది సుమారు 20 లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే తీవ్రరూపంలో వస్తుంది కనుక, మేనరికపు కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తుంది. పీటీ, ఏపీటీటీ పరీక్షలు రక్తం గడ్డ కట్టడం మొదలయ్యేంత వరకే కొలుస్తాయి. ఆ గడ్డలోని ఫైబ్రిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఫ్యాక్టర్ 13 పని ఆ తరువాతది కాబట్టి, అది లేకపోయినా రిపోర్టు మామూలుగానే వస్తుంది. గడ్డ వేళకు కడుతుంది, కానీ నిలవదు. అందుకే ఆగిన రక్తం కొన్ని గంటలకో మరునాటికో మళ్లీ మొదలవుతుంది. ఫైబ్రిన్‌గా మారే ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ అసలే లేని పిల్లలకూ బొడ్డు దగ్గర రక్తం కారుతుంది గాని, వారిలో ఆ రెండు పరీక్షలూ బాగా తేడాగా వస్తాయి.

యూరియా ద్రావణంలో గడ్డ కరుగుతుందేమో చూసే పరీక్ష తీవ్రమైన లోపాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అందువల్ల ఫ్యాక్టర్ 13 ఎంత శాతం ఉందో కొలిచే పరీక్షను కూడా అడగండి.

ఈ లోపం తీవ్రంగా ఉన్నవారిలో దాదాపు మూడో వంతు మందికి మెదడులో రక్తస్రావం జరుగుతుంది. నేను అన్నిటికన్నా భయపడేది దానికే. మాడు ఉబ్బినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఆగకుండా వాంతులైనా, ఫిట్స్ వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. విషయం తేలేవరకు కండకు ఇంజెక్షన్లు వద్దు. తరువాతి టీకా ఎలా వేయించాలో రక్తవ్యాధుల నిపుణులను అడగండి.

ప్రశ్న: పది రోజుల క్రితం ప్లాస్మా ఎక్కించారు. ఇప్పుడు పరీక్ష చేయించవచ్చా?

జవాబు: ఫ్యాక్టర్ 13 సగానికి తగ్గడానికే 9 నుంచి 14 రోజులు పడుతుంది కనుక, ఇప్పుడు తీసిన నమూనాలో దాత రక్తంలోనిది కలిసి, లోపం కప్పబడిపోవచ్చు. ప్లాస్మా ఎక్కించిన తేదీని ల్యాబ్ ఫారంపై తప్పక రాయించండి, లోపమున్న జన్యువు అందేది తల్లిదండ్రుల నుంచే కనుక మీ దంపతుల ఫ్యాక్టర్ 13 స్థాయులనూ కొలిపించండి, కొన్ని వారాల తరువాత బాబుకు మళ్లీ చేయించండి. అంత కాలం ఒంట్లో నిలిచే గుణం వల్లనే, లోపం నిర్ధారణ అయిన పిల్లలకు సుమారు నాలుగు వారాలకు ఒకసారి ఫ్యాక్టర్ 13 గాని, అది దొరకని చోట ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ గాని ఎక్కిస్తే రక్తస్రావాలను చాలావరకు నివారించవచ్చు.