వానొస్తే గొడుగేసుకుని బాత్రూమ్‌కి వెళ్లాలి. ఇది మంచి ఇల్లేనా?

గోదారిగట్టు:
జపాన్ ఆర్కిటెక్ట్ తడావో ఆండో 1976లో ఒసాకాలోని సుమియోషిలో కట్టిన అజుమా ఇల్లు గురించి అడుగుతున్నా. స్థలం 57 చదరపు మీటర్లు, మన లెక్కలో 68 గజాలు. పాత చెక్క ఇళ్ల వరుసలో ఒకటి తీసేసి, అక్కడ రెండంతస్తుల కాంక్రీటు ఇల్లు లేపారు. పొడవును మూడు భాగాలు చేసి, నడిమి భాగానికి పైకప్పే వేయలేదు. కింద ముందు హాలు, వెనక వంటగది, బాత్రూమ్. పైన రెండు పడకగదులు, మధ్యలో చిన్న వంతెన. ముందు గది నుంచి వెనక్కి వెళ్లాలంటే ఆరుబయటికి రావాల్సిందే. 1979లో దీనికి జపాన్ ఆర్కిటెక్చరల్ ఇన్‌స్టిట్యూట్ బహుమతి కూడా వచ్చింది. నాకైతే ఇది ఉండేవాళ్ల మీద రుద్దిన ఇల్లనిపిస్తోంది.

మేస్త్రిగారబ్బాయి:
ఒప్పుకోను. రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉన్న సన్నటి స్థలం అది. పక్కగోడలకు కిటికీలు పెట్టలేరు. మధ్యలో కప్పేస్తే ఆ భాగం పగలు కూడా చీకటే. ఇప్పుడు ప్రతి గదికీ వెలుతురు, గాలి పైనుంచే దిగుతున్నాయి. ఇక ఆ గోడలు చూడండి. ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. సెంట్రింగ్ పలకల అతుకులు, వాటిని బిగించిన చోట మిగిలిన గుండ్రటి గుంటలు అలాగే కనిపిస్తాయి. సెంట్రింగ్ కాస్త వదులైతే సిమెంటు పాలు కారిపోయి కంకర తేలుతుంది, పైన పూసి దాచడానికి ఉండదు. పని తెలిసినవాళ్లకే ఆ గోడ విలువ తెలుస్తుంది.

పెంకుటిల్లు:
గోడ బాగుంది సరే, చలి సంగతి? లోపల వేరే పొర లేని కాంక్రీటు చలిని పట్టి ఉంచుతుంది. జనవరి రాత్రి ఒసాకాలో మూడు నాలుగు డిగ్రీలు ఉంటుంది. పెద్దావిడ ఎవరైనా నిద్రలో లేచి, బయటి మెట్లు దిగి, తడి నేల దాటి బాత్రూమ్‌కి వెళ్లాలి. మన మండువా లోగిలిలోనూ నడుమ ఆకాశమే. కానీ చుట్టూ వసారా ఉంటుంది, వానలో కూడా తడవకుండా చుట్టి రావచ్చు. అసలు ముందు గోడకు ఒక్క కిటికీ కూడా ఎందుకు పెట్టలేదు? అక్కడ పక్కిల్లు అడ్డం లేదు కదా.

మేస్త్రిగారబ్బాయి:
వీధి వైపు మూసేసి లోపలికే తెరుచుకోవాలన్నది ఆండో ఉద్దేశం. అందులో రాజీ పడితే ఆ ఇల్లే వేరు. వసారా వేయడానికి ఆ వెడల్పు చాలదండీ, వేస్తే నడుమ మిగిలేది గాలిగొట్టం. అయినా ఆ కుటుంబం ఏళ్ల తరబడి అందులోనే ఉంది. వాళ్లు భరించలేకపోతే ఎప్పుడో రేకు వేసుకునేవారు.

గోదారిగట్టు:
వాళ్లు ఉన్నారంటే వాళ్లకి నచ్చింది, అంతవరకే. నా అభ్యంతరం ఆకాశం మీద కాదు, బాత్రూమ్ మీద. పైన పడకగది పక్కన చిన్న టాయిలెట్ ఒకటి ఇస్తే గది కొంచెం తగ్గేది, అర్ధరాత్రి వానలో మెట్లు దిగే పని తప్పేది. మీరే ప్లాన్ గీస్తే ఆ మూల వదిలేస్తారా?