ఇంజెక్షనా, ఆపరేషనా? పాత హోబీ 16 డెక్ మెత్తబడింది

గాలివాటం (డాలస్):
అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక పాత హోబీ 16 కొన్నాను. రెండు హల్స్ (నీళ్ల మీద తేలే సన్నటి పడవ భాగాలు) మధ్య ట్రాంపొలీన్ కట్టిన చిన్న కాటమరాన్, పొడవు పదహారున్నర అడుగులు. లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుదామని ఆశ. కొనేటప్పుడు తెరచాప విప్పి చూశాను, తాళ్లు లాగి చూశాను, డెక్ (హల్ పైభాగం) నొక్కి చూడాలని మాత్రం తట్టలేదు. ఎడమ హల్ మీద, ముందు పైలాన్‌కి (హల్ మీద నిలిచే పొట్టి స్తంభం) జానెడు దూరంలో, అరచేయంత మేర బొటనవేలికి లోపలికి పోతోంది. క్వార్టర్ బిళ్లతో కొడితే మిగతా చోట్ల టంగుమంటోంది, అక్కడ దబ్‌మంటోంది. వీడియోల్లో సగం మంది రంధ్రాలు వేసి ఎపాక్సీ (హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురు) ఎక్కించమంటున్నారు, సగం మంది కోసి ఫోమ్ మార్చమంటున్నారు. ఎవరి మాట వినాలి?

రెజిన్ చేతులు:
ఇంజెక్షన్ చాలు. ఈ బోటు రూపొందించిన హోబీ ఆల్టర్ మొదట సర్ఫ్‌బోర్డులు చేసినవాడు, ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ వేయడం ఆయనకు పాత విద్య. ఈ హల్ కూడా అంతే: బయట పలచటి పొర, మధ్యలో ఫోమ్, లోపల ఇంకో పొర. అందుకే బోటు మొత్తం 145 కిలోలే. మెత్తబడిందంటే చాలాసార్లు ఫోమ్ పాడైనట్టు కాదు, పైపొర దాన్నుంచి ఊడిందన్నమాట. ఊడినదాన్ని అతికించాలి, అంతే.

డొల్లగా మోగిన చోటు పెన్సిల్‌తో గీసుకుని, దానికి అంగుళం అవతలి దాకా 3 మి.మీ. రంధ్రాలు వేయండి, అంగుళానికొకటి. పైపొర దాటగానే ఆగేలా బిట్‌కి టేపు చుట్టండి. లోపొర కూడా పొడిచారంటే ఎపాక్సీ అంతా హల్ అడుక్కి కారి గడ్డకడుతుంది, బరువు తప్ప లాభం లేదు. సిరంజితో ఒక మూల మొదలుపెట్టండి. పక్క రంధ్రంలోంచి ఉబికి వస్తే దీనికి టేపు వేసి దాని దగ్గరికి వెళ్లండి. చివర్న పాలిథీన్ పరిచి పైన ఇసుక సంచులు.

అక్కడి ఎండకి స్లో హార్డనరే (నెమ్మదిగా గట్టిపరిచేది) వాడండి, కొంచెం కొంచెం కలపండి. నేనొకసారి కప్పు నిండా కలిపి, సిరంజి వెతుక్కుని వచ్చేసరికి కప్పు పొగలు కక్కుతూ వంగిపోయింది.

పాతపడవ:
నేనూ ఇలాగే ఎక్కించాను. రెండు సీజన్లు బాగానే ఉంది. తర్వాత ఆ గట్టి ముద్ద చుట్టూ ఉంగరంలా మళ్లీ మెత్తబడింది. అంచు ఎక్కడుంటే ఒత్తిడి అక్కడికే చేరుతుంది కదా. చివరికి కోసి చూస్తే ఫోమ్ గోధుమరవ్వలా చేతిలో రాలింది. రవ్వకి జిగురు పూస్తే ఏం నిలుస్తుంది?

పైగా మీది పైలాన్ దగ్గర. మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబడేది రెండు హల్స్‌ని కలిపే ముందు క్రాస్‌బార్ మీద, ఆ బార్‌ని మోసేది పైలాన్. ఇదే మెత్తదనం ముక్కు దగ్గరుంటే నేనూ ఇంజెక్షన్ అనేవాణ్నే.

ఉప్పునీళ్లు (కాకినాడ):
మీ కాటమరాన్‌కి ఆ పేరు తమిళం కట్టుమరం నుంచి వెళ్లింది. మా వైపు తెప్ప అంటాం. మా మేనమామ ఫైబర్ పడవలు బాగుచేస్తాడు. ఆయన దగ్గర సిరంజి నేనెప్పుడూ చూడలేదు. గ్రైండర్‌తో తీసేయడం, మ్యాట్ (ఫైబర్‌గ్లాస్ పీచు) పరవడం, రెజిన్ కొట్టడం. సాయంత్రానికి పని అయిపోతుంది. మీరు మరీ సుకుమారం చేస్తున్నారు.

రెజిన్ చేతులు:
ఉప్పునీళ్లు గారూ, వేట పడవ అడుగు వేలి మందం ఉంటుంది, గ్రైండర్ రెండుసార్లు జారినా తట్టుకుంటుంది. హోబీ పైపొర అంత మందం లేదు, ఒక్క క్షణం ఏమరితే ఫోమ్ కనిపిస్తుంది. ఇంకోటి, మామూలు పాలియెస్టర్ రెజిన్ పాత ఫైబర్‌గ్లాస్‌ని ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు.

ఉప్పునీళ్లు:
రెజిన్ మాట ఒప్పుకుంటా. మా దగ్గర కొత్త కుర్రాడొకడు థర్మోకోల్ దిమ్మ మీద నేరుగా పాలియెస్టర్ కొట్టాడు. టీ తాగి వచ్చేసరికి దిమ్మలో గుంట! మామయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

గాలివాటం:
అప్‌డేట్. తేల్చుకుందామని పల్లపు మూలన ఒక్క రంధ్రం వేశాను. గోధుమరంగు నీళ్లు వచ్చాయి, ఓ అరచెంచా. టెన్షన్ మొదలైంది.

పాతపడవ:
ఇంక ఇంజెక్షన్ మాటెత్తకండి. తడి ఫోమ్‌కి ఎపాక్సీ పట్టదు.

రెజిన్ చేతులు:
ఆరబెట్టాక పడుతుంది! మిగతా రంధ్రాలన్నీ వేసి తెరిచి ఉంచండి. హల్‌కి ఇన్‌స్పెక్షన్ పోర్ట్ ఉంటే మూత తీసి చిన్న ఫ్యాన్ పెట్టండి. హీట్ గన్ మాత్రం వద్దు, బాగున్న చోట కూడా పొర లేస్తుంది. రాత్రి రంధ్రాల మీద పారదర్శకమైన పాలిథీన్ ముక్క అంచులన్నీ టేపు చేసి అంటించండి. పొద్దున దాని లోపలి వైపు చెమ్మ పడితే ఇంకా ఆరనట్టే.

పాతపడవ:
ముందు నీళ్లు ఎటు నుంచి వచ్చాయో చూడండి. డ్రెయిన్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి నోటితో గాలి ఊది, అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూయండి. కంప్రెసర్ జోలికి పోవద్దు, హల్ పగులుతుంది. చిల్లు అలాగే ఉంటే ఇంజెక్షనైనా ఆపరేషనైనా దండగే.

గాలివాటం:
తొమ్మిది రోజులైంది. పాలిథీన్ మీద చెమ్మ తగ్గింది కానీ పోలేదు. నేను ఊదుతుంటే మా ఆవిడ బ్రష్‌తో సబ్బునీళ్లు పూసింది. పైలాన్ మొదట్లో వరసగా బుడగలు లేచాయి. చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే అక్కడి ఫోమ్ గట్టిగా లేదు, తడిసిన బ్రెడ్‌లా దిగింది. కాబట్టి పైలాన్ వైపు సగం కోస్తాను. అవతలి సగం గట్టిగానే తగిలింది, అది ఆరితే ఎపాక్సీ ఎక్కిస్తాను. శనివారం గ్రైండర్ అద్దెకు తెస్తున్నా. పాతపడవ గారూ, కోసే ముందు హల్ కింద ఆధారం పెట్టాలా?

పాతపడవ:
తప్పకుండా. రెండు చోట్ల మెత్తటి దిమ్మలు పెట్టి హల్ తిన్నగా ఉందో లేదో దారం కట్టి చూసుకోండి. డెక్ కోశాక హల్ వంగితే ఆ వంకరతోనే అతుక్కుపోతుంది. కోసిన పైపొర ముక్క పారేయకండి, మూతలా మళ్లీ పనికొస్తుంది. అంచుల్ని మందానికి పన్నెండు రెట్లు ఏటవాలుగా చెక్కండి, అంటే మిల్లీమీటరు పొరకి 12 మి.మీ. కొత్త గ్లాస్ గుడ్డ ఆ వాలు మీదే పడుతుంది. పని అయ్యాక రంగు వేయడం మరవద్దు, ఎపాక్సీ ఎండకి ఆగదు. మాస్క్, గ్లవ్స్ లేకుండా గ్రైండర్ ఆన్ చేయకండి, ఆ దురద మూడు రోజులు వదలదు.

రెజిన్ చేతులు:
నేనైతే ఇంకో రెండు వారాలు ఆరబెట్టి చూసేవాణ్ని.