దివిసీమ ఉప్పెన పాఠానికి సౌండు, వీడియో ఎలా వాడాలి?

ప్రశ్న (డిగ్రీ కాలేజీ, భూగోళం): 50 నిమిషాల క్లాసులో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చెప్పాలి. అల సుమారు 5 మీటర్లు, మృతులు దాదాపు 10,000 అంటే నోట్సులో రాసుకుని ఊరుకుంటారు. లైట్లన్నీ తీసేసి గాలి హోరు వీడియో వేస్తే చాలా?

జవాబు (నాటకాల సౌండు): చాలదండీ. హోరంతా బేస్‌లో ఉంటుంది, ల్యాప్‌టాప్ స్పీకర్లో అది ఈల లాగా వినిపిస్తుంది. ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకరు) తెచ్చి గది మూలన పెట్టండి, బేస్ పెరుగుతుంది. ఒక్కసారిగా పెద్దగా పెడితే పిల్లలు నవ్వేస్తారు. 30 సెకన్లపాటు మెల్లగా పెంచి, మీ మాట మొదలవగానే సగానికి దించి, నీళ్లు ఊళ్లోకొచ్చిన చోట టక్కున ఆపండి. అక్కడ 5 సెకన్లు మీరూ మాట్లాడొద్దు. స్లైడ్ షోలో ‘బి’ కీ నొక్కితే తెర నల్లబడుతుంది. లైట్లన్నీ మాత్రం తీయకండి, మీ ముఖం కనపడాలి. హెచ్‌డీఎంఐ తగిలించగానే సౌండు ప్రొజెక్టర్‌కి వెళ్లిపోతుంది, సెట్టింగ్స్‌లో ముందే మార్చుకోండి. వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. నెట్ నమ్ముకుంటే బఫరింగే.

జవాబు (స్కూల్ టీచర్): వీడియో కన్నా గుడ్డముక్క నయం. కాలేజీ గోడకు 5 మీటర్ల ఎత్తున ఎర్రగుడ్డ కట్టి బయటికి తీసుకెళ్లండి. అది మొదటి అంతస్తులో నిలబడినవాళ్ల తల దగ్గరికొస్తుంది.

జవాబు (తీర ప్రాంత సర్వే): ఆ 5 మీటర్లు సముద్ర మట్టం నుంచి, నేల మీద నుంచి కాదు సార్. నేల ఎత్తు 2 మీటర్లయితే నిలిచే నీళ్లు 3 మీటర్లే. రెండు గుడ్డలు కట్టి తేడా చెప్పండి. మూడు మీటర్లన్నా పూరిల్లు మునిగినట్టే, పెంచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: కారణాల భాగం మరీ పొడిగా ఉందండీ, అదెలా?

జవాబు (బుర్రకథ వంత): ఒక విద్యార్థిని వంతగా, అంటే కథ చెప్పేవాడికి మధ్యమధ్యలో ప్రశ్నలతో అడ్డుపడే తోడుగా నిలబెట్టండి. గాలి పీడనం ఒక మిల్లీబారు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుందని మీరంటారు. ‘70 మిల్లీబార్లు పడినా 70 సెంటీమీటర్లేగా గురూ, మిగతా నాలుగు మీటర్ల పైచిలుకు ఎక్కణ్నుంచొచ్చాయి?’ అని వంత అడ్డుపడాలి. గాలి నీటిని లోతు తక్కువ తీరం మీదికి తోసిందన్న జవాబు అప్పుడు చెప్పండి. ప్రశ్న ముందురోజే ఇవ్వండి, మాటలు బట్టీ పట్టించకండి. హాస్యం ఇక్కడి వరకే, మృతుల దగ్గర వంత నోరెత్తకూడదు.

జవాబు (స్కూల్ టీచర్): శవాల ఫొటోలు వద్దు. కృష్ణా జిల్లా పిల్లలుంటే వాళ్ల ఇంట్లో పోయినవాళ్లు ఉండొచ్చు. పాఠం ఏమిటో ముందురోజే చెప్పి, బయటికెళ్లే వీలివ్వండి.