ఇంజను బోటుకి తెరచాప పడవ ఎదురైతే ఎవరు తప్పుకోవాలి?

జువ్వలదిన్నె ఫైబర్:
మాది 9 మీటర్ల ఫైబర్ బోటు, అవుట్‌బోర్డ్ ఇంజను. తెరచాప మీద పోయే యాట్ ఎదురైతే ఎప్పుడూ ఇంజను బోటే తప్పుకోవాలంటారు. మేం వల వేసి ఉన్నా అంతేనా? కృష్ణపట్నం పోర్టు కాలువలో పెద్ద ఓడ కూడా తెరచాపకి దారి ఇవ్వాల్సిందేనా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

చుక్కాని:
తమ్ముడూ, చిక్కంతా ఆ "ఎప్పుడూ" అన్న మాటలో ఉంది. సముద్రంలో పడవలు గుద్దుకోకుండా పెట్టిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో 18వ రూలు, ఆ నిమిషాన బోటు ఏం చేస్తోందో చూస్తుంది. ఉత్త ఇంజను మీద పోతా ఉంటే తెరచాపకి నువ్వే తప్పుకోవాలి. వల నీళ్లలో ఉండి, దానివల్ల బోటు తిప్పడం కష్టమైతే నువ్వు వేటలో ఉన్నట్టు. అప్పుడు యాటే తప్పుకోవాలి. వల లోపలికి లాగేసి రేవుకి వస్తుంటే ఆ హక్కు లేదు, బోటు నిండా చేపలున్నా సరే. వెనక గాలాలు ఈడ్చుకుంటూ పోవడం కూడా ఈ లెక్కలోకి రాదు.

వేటలో ఉన్నావని అవతలివాళ్లకి తెలియాలి గదా. పగలు రెండు నల్ల శంకువులు, మొనలు తాకేట్టు ఒకదాని మీద ఒకటి కట్టాలి. రాత్రి పైన ఎర్ర దీపం, కింద తెల్ల దీపం, రెండూ చుట్టూరా కనపడాలి. ట్రాల్ (నీళ్లలో ఈడ్చుకుపోయే వల) లాగే బోటుకైతే పైన పచ్చ, కింద తెలుపు. ట్రాల్ కాని వల బోటు నుంచి 150 మీటర్లకి మించి చాచి ఉంటే, ఆ వైపున ఇంకో తెల్ల దీపం. దయచేసి దీన్ని మాత్రం వదలొద్దు. అది లేకపోతే వల ఏ పక్కకి ఉందో చీకట్లో యాట్‌కి తెలిసే దారే లేదు.

గాలివాటం:
తెరచాప ఎత్తి ఉన్నా ఇంజను తోస్తుంటే అది ఇంజను బోటు కిందే లెక్క. గుర్తుగా ముందువైపు మొన కిందికి ఉండే నల్ల శంకువు కట్టాలి. అది కనపడలేదని ఇంజను ఆగి ఉందని అనుకోవద్దు, వెనక ఎగ్జాస్ట్ నీళ్లు చిమ్ముతున్నాయేమో చూడు.

ఇంకోటి, వెనకనుంచి దాటేవాళ్లే తప్పుకోవాలి, తెరచాపైనా సరే. రాత్రి ముందు బోటు వెనక తెల్ల దీపం ఒక్కటే కనపడి, పక్కల ఎరుపు, పచ్చ కనపడకపోతే నువ్వు దాని వెనక ఉన్నట్టే.

పోర్టు కాలువ సంగతి వేరు. 9వ రూలు ప్రకారం 20 మీటర్లలోపు బోట్లు, తెరచాప పడవలు, కాలువ దాటి పక్కకి పోలేని ఓడకి అడ్డు రాకూడదు. వేటలో ఉన్న బోటుకీ అక్కడ మినహాయింపు లేదు. ఓడ అయిదు పొట్టి కూతలు కూసిందంటే నువ్వేం చేస్తున్నావో దానికి అర్థం కాలేదని.

జువ్వలదిన్నె ఫైబర్:
గుద్దుకుంటామో లేదో ముందే ఎట్టా తెలుస్తుందన్నా?

చుక్కాని:
కూర్చున్నచోటు కదలకుండా, బోటు మలుపు తిప్పకుండా, అవతలి పడవని నీ బోటు మీదున్న ఏదో ఒక గుంజకి సూటిగా పెట్టి చూడు. అది గుంజకి ముందుకో వెనక్కో జరుగుతుంటే సాధారణంగా భయం లేదు. అక్కడే నిలబడి పెద్దదవుతుంటే ఢీకొట్టే దారిలో ఉన్నారు. తప్పుకోవాల్సింది నువ్వైతే దూరంగా ఉన్నప్పుడే ఒకేసారి పెద్ద మలుపు తిప్పి, దాని వెనకగా పో. అయిదేసి డిగ్రీలు తిప్పితే అవతలివాళ్లకి కనపడదు. నీకు హక్కు ఉంటే దారి, వేగం మార్చకు. వాళ్లు తప్పుకోవట్లేదని తేలాక మాత్రం నువ్వే తప్పించుకోవాలి.