మా పంచాయతీని పక్క మున్సిపాలిటీలో కలుపుతారట, గ్రామసభ వద్దంటే ఆగుతుందా?

పొలంగట్టు:
అందరికీ నమస్కారం. మాది ఆంధ్రలో ఓ మున్సిపాలిటీని ఆనుకుని ఉన్న పంచాయతీ, ఊరికీ టౌన్‌కీ మధ్య ఒక్క కాలువే అడ్డం. మమ్మల్ని టౌన్‌లో కలిపే ఫైలు కదులుతోందని అంటున్నారు. గ్రామసభ పెట్టి వద్దని తీర్మానం చేశాం. తీర్మానం అయిపోయింది కాబట్టి ఇక మనల్ని ఎవరూ కదపలేరని సర్పంచ్ గారి ధీమా. నిజంగా అంతేనా? ఊళ్లో కొందరైతే పొలాలే పోతాయని టెన్షన్ పడుతున్నారు.

పాత గుమాస్తా:
ముందు పొలాల సంగతి చెప్తాను. మారేది పాలన హద్దు మాత్రమే, మీ పాస్‌బుక్కులో ఒక్క సెంటు కూడా మారదు. మున్సిపాలిటీకి పోయేవి పంచాయతీ ఆస్తులు, అంటే పంచాయతీ ఆఫీసు, షాపులు, ఖాతాలో డబ్బు, వాటితోపాటు బాకీలు కూడా.

తీర్మానం విషయంలో సర్పంచ్ గారి మాట సగమే నిజం. ఊరు ఒప్పుకుంటేనే కలపాలి అని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 243క్యూ అధికరణ చెప్పేదేమిటంటే ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయం కాని పనుల్లో ఎంతమంది ఉన్నారు, ఆర్థికంగా ఆ చోటికి ఉన్న ప్రాధాన్యం, ఇలాంటివి చూసి గవర్నర్ పేరిట నోటిఫికేషన్ ఇవ్వాలని. ఓటింగ్ లేదు.

అయితే దానికంటే ముందు మీ ఊరు పంచాయతీ లెక్కలోంచి బయటికి రావాలి కదా, మీకు పట్టు దొరికేది అక్కడే. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం హద్దులు మార్చే ముందు, లేదా పంచాయతీని రద్దు చేసే ముందు ఆ పంచాయతీకి తన అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, చెప్పింది పరిశీలించాలి. కాబట్టి మీ తీర్మానం అడ్డుగోడ కాదు కానీ మంచి సాక్ష్యం. ఉత్తినే 'వద్దు' అని రాస్తే పక్కన పడేస్తారు. ఊళ్లో ఎన్ని కుటుంబాలు సాగు మీద బతుకుతున్నాయి, ఇంటి పన్ను ఏటా ఎంత వస్తుంది, ఎన్ని ఎకరాలు పంటలో ఉంది, ఇవన్నీ అంకెలతో సహా రాయించండి.

కీసర వైపు వాడిని:
ఆంధ్రలో ఆ నోటీసన్నా ఉంది అన్నా. మా తెలంగాణలో మున్సిపల్ చట్టం షెడ్యూల్‌నే, అంటే చట్టం చివర ఉండే జాబితానే, సవరించేస్తారు, అభ్యంతరాలు పిలిచే దశే రాదు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను అలాగే ఆర్డినెన్సుతో కలిపేశారు. పొద్దున లేచి చూస్తే మేం టౌన్ వాళ్లం! కోర్టుకెళ్తే ఆగదా?

పాత గుమాస్తా:
శాసనసభే చట్టం చేసినప్పుడు 'మమ్మల్ని అడగలేదు' అన్న వాదన నిలవడం చాలా కష్టం తమ్ముడూ. నోటిఫికేషన్ అయితే వేరు. 1987లో బల్దేవ్ సింగ్ కేసులో, హిమాచల్‌ది అది, ఊరివాళ్ల మాట వినాలని సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్లకే 1989లో ఠాణే కలెక్టర్ కేసులో ఇది శాసనం లాంటి పని, చట్టంలో రాసిన పద్ధతి పాటిస్తే చాలు, అంతకు మించి వినక్కర్లేదంది. అందుకే పిటిషన్ వేసేవాళ్లు 'మాకిష్టం లేదు' దగ్గర ఆగిపోకుండా ఏ మెట్టు తప్పారో చూపించాలి.

ఏజెన్సీ ఊళ్ల (గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల) కథ పూర్తిగా వేరు. పార్లమెంటు విడిగా చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల అధ్యాయం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదని 243జెడ్‌సీ అంటుంది. మణుగూరు, మందమర్రిలో ఏళ్ల తరబడి మున్సిపల్ ఎన్నికలు ఆగింది ఈ పేచీతోనే.

పొలంగట్టు:
ధన్యవాదాలు సార్. మాది ఏజెన్సీ కాదు. ఇంకో మాట, మా వైపు బైపాస్ వస్తుందంటున్నారు. టౌన్‌లో కలిస్తే భూమికి రేటు ఎక్కువ వస్తుంది కదా అని కుర్రాళ్లు విలీనమే కావాలంటున్నారు.

నల్లకోటు:
అమ్ముకునేవాళ్లకు రేటు పెరగొచ్చు, ప్రభుత్వం తీసుకుంటే మాత్రం తిరకాసు ఉంది. 2013 భూసేకరణ చట్టంలో మార్కెట్ విలువను పట్టణంలో 1తో, గ్రామంలో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చవేస్తారు, ఆ పైన నూరు శాతం సొలేషియం, అంటే వచ్చినదానికి అంతే అదనపు పరిహారం. ఉదాహరణకు ఎకరం విలువ 20 లక్షలు, గుణకం 1.25 అనుకోండి, గ్రామంగా ఉంటే 50 లక్షలు, టౌన్ అయితే 40. కాబట్టి బైపాస్ నోటిఫికేషన్ ముందా, విలీనం ముందా అన్నది మీకు చాలా ముఖ్యం.

ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి కూడా భయపెడుతుంటారు. పదివేలు దాటి లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ అయితే దాని హద్దు నుంచి గాల్లో గీత గీసి 2 కిలోమీటర్ల లోపు ఉన్న సాగుభూమి అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది (లక్ష దాటితే 6, పది లక్షలు దాటితే 8). మీది కాలువ అవతలే కాబట్టి ఇప్పటికే ఆ వలలో ఉన్నట్టే, కొత్తగా ఇరుక్కునేది మీ వెనకాల ఊరు, టౌన్ హద్దు వాళ్ల దగ్గరికి జరుగుతుంది కనుక. రెండేళ్లలోపు వేరే సాగుభూమి కొంటే చాలావరకు మినహాయింపు దొరుకుతుంది, ఆడిటర్‌ని అడగండి.

పొలంగట్టు:
ఉపాధి హామీ?

కీసర వైపు వాడిని:
అది పల్లెలకే. కలిసిన రోజుతో జాబ్ కార్డు ఇంట్లో దాచుకోవడానికే. కూలీకెళ్లే ఆడవాళ్లకు ఇదే పెద్ద దెబ్బ, మా దగ్గర దీని గురించి ముందు ఎవరూ మాట్లాడలేదు.

పాత గుమాస్తా:
పొలంగట్టు గారూ, మరీ కంగారు పడకండి, మీకు కాస్త టైముంది. జనగణన కోసం 2025 డిసెంబర్ 31తో పాలన హద్దులు ఫ్రీజ్ చేశారు, లెక్కింపు పూర్తయ్యేదాకా కొత్త మార్పులు కుదరవు. హైదరాబాద్ చుట్టూ 27 పట్టణాలను గ్రేటర్‌లో కలిపింది కూడా ఆ గడువుకు నెల లోపలే. ఈలోగా మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం నకలు, విలీన ప్రతిపాదన, దాంట్లో మీ ఊరి గురించి రాసిన జనాభా, ఆదాయం, సాగు అంకెలు, ఈ మూడూ అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. వాళ్ల అంకెలకీ మీ పంచాయతీ రిజిస్టర్‌కీ తేడా కనిపిస్తే అది పట్టుకుని కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ కాగితం ఇక్కడ పెడితే చూసి చెప్తాను.