జెమ్‌లో చేరితే చిన్న వర్క్‌షాపుకి గిట్టుబాటవుతుందా?

బీరువా_బెజవాడ:
విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. స్టీల్ బీరువాలు, ఫైల్ ర్యాకులు చేస్తాం. ఇన్నాళ్లూ చుట్టుపక్కల కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల వాళ్లు కొటేషన్లు తీసుకుని ఆర్డర్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎక్కడికెళ్లినా "జెమ్‌లో ఉన్నారా?" అనే అడుగుతున్నారు. అదే, ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనే పోర్టల్. చేరదామంటే, దేశం మొత్తంతో పోటీ పడాలి, రేట్లు నేలకి దించేస్తారని తోటివాళ్లు భయపెడుతున్నారు. చేస్తున్నవాళ్లు చెప్పండి, మాలాంటివాళ్లకి అక్కడ చోటుందా?

గాజువాక_ర్యాకులక్క:
చోటుంది తమ్ముడూ, చేరు. కొటేషన్ల రోజులు మళ్లీ వస్తాయని మాత్రం ఎదురుచూడకు. జెమ్ 2016 ఆగస్టులో మొదలైంది, మొదటి ఆర్థిక సంవత్సరంలో జరిగిన వ్యాపారం 422 కోట్లు. 2024-25లో 5 లక్షల కోట్లు దాటింది. కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నియమాలు, అదే 2017 జీఎఫ్ఆర్, 149వ నిబంధన ప్రకారం అక్కడ దొరికే వస్తువుని కేంద్ర శాఖలు అక్కడే కొనాలి. ముందే కంపెనీలతో రేట్లు ఖాయం చేసి పెట్టే పాత రేట్ కాంట్రాక్టుల సంస్థ డీజీఎస్ అండ్ డీని ఆ ఏడాదే మూసేశారు. ఆ రేట్ కాంట్రాక్టుల కాలంలో మన షెడ్లని ఎవరు చూశారు చెప్పు? ఇప్పుడు బిడ్, అంటే ఆఫీసు పెట్టే టెండర్, అందరికీ కనిపిస్తుంది. నాకు నచ్చేది అదే.

పోటీ సంగతి. బిడ్‌లో 20 గేజ్ అని ఉన్నా అంతకంటే పల్చటి 22 గేజ్ రేకు లెక్కతో రేటు వేసేవాళ్లు వస్తారు. రివర్స్ ఆక్షన్‌లో, అంటే ఒకరి కంటే ఒకరు రేటు తగ్గించుకుంటూ పోయే వేలంలో, వాళ్ల వెంట పడొద్దు. రేకు, పౌడర్ కోటింగ్, కూలీ, లారీ కిరాయి అన్నీ కలిపి నీ ఆఖరి రేటు కాగితం మీద రాసుకుని కూర్చో. ధర అంతకంటే కిందికి పోతే లేచి వచ్చెయ్. కన్సైనీల, అంటే సరుకు అందుకునే ఆఫీసుల, జాబితా కూడా చూడు. ఒకటి శ్రీకాకుళం, ఇంకొకటి కర్నూలు ఉండొచ్చు. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి ఎక్కించి బిగించాలన్నా అదంతా నీ రేటులోనే.

చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ ఉద్యంలో నువ్వు మాన్యుఫాక్చరింగ్ కింద ఉండాలి, అది ముఖ్యం. అప్పుడు బిడ్‌కి ముందు కట్టే డిపాజిట్, ఈఎండీ, కట్టక్కర్లేదు. ఎల్1గా, అంటే అందరికంటే తక్కువ రేటుతో, పెద్ద కంపెనీ వచ్చి, నీ రేటు దాని మీద 15 శాతం లోపు ఉంటే, ఆ ధరకి దిగి ఆర్డర్‌లో వాటా తీసుకోవచ్చు. ట్రేడర్లకి ఈ వెసులుబాటు లేదు.

బీరువా_బెజవాడ:
చాలా థాంక్స్ అక్కా. మరి డబ్బులు? మా అసలు టెన్షన్ అదే. రేకు కొట్టువాడు నెల కూడా ఆగడు.

స్టోర్స్_గుమస్తా:
నేను కొనే వైపు వాణ్ణి. సరుకు చేరాక కన్సైనీ 10 రోజుల్లో చూసి క్రాక్, అంటే సరుకు అంది సరిగ్గా ఉందనే సర్టిఫికెట్, పోర్టల్‌లో ఇవ్వాలి, అది వచ్చిన 10 రోజుల్లో పేమెంట్ జరగాలి. మా దగ్గర ఆలస్యమయ్యేది ఎక్కువగా క్రాక్ దగ్గరే. సంతకం పెట్టాల్సిన ఆఫీసర్ క్యాంపులో ఉంటాడు, లేదా బదిలీ అయి కొత్తాయనకి లాగిన్ రాదు. డెలివరీ రోజునే చలాన్ మీద సంతకం, స్టాంపు, తేదీ తీసుకోండి. బిగించిన ర్యాకుల ఫొటోలు కూడా ఉంచుకోండి.

గాజువాక_ర్యాకులక్క:
గుమస్తాగారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక ఆఫీసులో మా ర్యాకుల్లో ఫైళ్లు సర్దేసుకుని వాడుకుంటున్నారు, క్రాక్ మాత్రం ఇవ్వరు. అడిగితే సార్ లేరంటారు. ఇంత పెద్ద వ్యవస్థ కట్టారు, ఆర్డర్ నిమిషాల్లో వస్తుంది, మన డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం మళ్లీ గుమ్మం చుట్టూ తిరగాలా? ఇది మారాలి, మనమే గట్టిగా అడగాలి. చివరికి నేను ఆ చలాన్ కాపీ జోడించి పోర్టల్‌లో ఇన్సిడెంట్, అంటే ఫిర్యాదు, పెట్టాను, అప్పుడు కదిలింది. అప్పటికీ రాకపోతే చిన్న పరిశ్రమల బకాయిల ఫిర్యాదులు వినే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. చట్టం 45 రోజులకి మించి ఆగనివ్వదు, దాటితే వడ్డీ కూడా అడగొచ్చు. పెద్ద ఆఫీసు కదా, తర్వాత ఆర్డర్ ఇవ్వరేమో అని వెనకాడకు.

మొదట ఒక్క చిన్న ఆర్డర్‌తో మొదలుపెట్టు, దగ్గర ఊళ్లోది. బిడ్ చూశాక ఏటీసీలో, అంటే కొనేవాళ్లు అదనంగా పెట్టే షరతుల్లో, ఏదైనా అర్థం కాకపోతే బిడ్ నంబర్ ఇక్కడ పెట్టు, కలిసి చదువుదాం.