మా పాపకు వేషాలంటే భయం. డిస్నీ వరల్డ్‌లో క్యారెక్టర్ డైనింగ్ బుక్ చేయమంటారా, మానేయమంటారా?

చిన్నారి అమ్మ:

అందరికీ నమస్తే. డిసెంబర్ మొదటి వారంలో ఫ్లోరిడా వెళ్తున్నాం, ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో 4 రోజులు. మొత్తం ఆరుగురం. నేను, మా వారు, అత్తగారు, మామగారు, 8 ఏళ్ళ బాబు, 3 ఏళ్ళ 4 నెలల పాప. క్యారెక్టర్ డైనింగ్ అంటే వేషాల్లో ఉన్న మిక్కీలాంటివాళ్ళు మనం తింటుంటే టేబుల్ దగ్గరికొచ్చి పలకరిస్తారు కదా, అలా మిక్కీ పక్కన కూర్చుని తినాలని బాబు ఏడాది నుంచి అడుగుతున్నాడు, నేనూ సరేనన్నాను.

సమస్యంతా పాపతోనే. పోయిన నెల ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో ఎలుగుబంటి వేషం వేసుకున్న అతను నవ్విద్దామని దగ్గరికొచ్చి ఎత్తుకోబోయాడు. అంతే, నా మెడ గట్టిగా పట్టేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, ఇంటికొచ్చాక కూడా రెండు మూడు రోజులు నిద్రలో ఉలిక్కిపడింది. కానీ మిక్కీ బొమ్మ పక్కలో లేకపోతే మాత్రం నిద్రపోదు! అదే మిక్కీ మనిషంత ఎత్తున టేబుల్ దగ్గరికి వస్తే ఏం చేస్తుందోనని నాకు ఇప్పటినుంచే టెన్షన్. అందరం తింటుంటే నేనో మా వారో దాన్ని ఎత్తుకుని బయట తిరగాల్సి వస్తే బాబు సరదా కూడా పాడవుతుంది, డబ్బూ తక్కువేం కాదు.

ఇంకొకటి, మా అత్తగారు మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టరు. కేకులో గుడ్డు పడినా తినరు. ఆవిడ ఆకలితో కూర్చుంటే నాకు ముద్ద దిగదు. చెఫ్ మిక్కీస్ అనే రెస్టారెంట్ గురించి అందరూ చెబుతున్నారు, అదే చేయాలా, వేరేది ఉందా? ఇలాంటి పిల్లలతో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇద్దరబ్బాయిల తల్లి:

మీ పాప వయసులో మా చిన్నోడు అచ్చం ఇలాగే ఉండేవాడండి, అందుకే వెంటనే రాస్తున్నాను. ముందు ఒక మాట, వాళ్ళ భయం మొండితనం కాదు. ఆ తల అంత పెద్దది, ముఖంలో కదలిక ఉండదు, నోరు తెరిచి మాట్లాడదు, కానీ చేతులు చాచుకుని మీదికొస్తుంది. మన కళ్ళకు మిక్కీ, వాళ్ళ కళ్ళకు ఏమిటో అర్థం కాని పెద్ద ఆకారం. "భయం లేదమ్మా, వెళ్ళు వెళ్ళు" అని వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టడం మాత్రం చేయకండి. మేం ఒకసారి ఫోటో కోసం అలా చేసి, ఆ రోజంతా వాడు పార్కులో దిగకుండా చంకలోనే ఉండటం చూశాం.

చెఫ్ మిక్కీస్ మంచిదే, కానీ మీ పాపకు మొదటిసారి అది వద్దంటాను. అది కాంటెంపరరీ రిసార్ట్‌లో ఉంది, ఆ హోటల్ 1971లో డిస్నీ వరల్డ్‌తో పాటే తెరిచారు, మోనోరైల్ బిల్డింగ్ మధ్యలోంచే వెళ్తుంది, బాబుకి భలే నచ్చుతుంది. కానీ హాలు పెద్దది, గోల ఎక్కువ. మేం వెళ్ళినప్పుడు మధ్యమధ్యలో పాట పెట్టి అందరినీ నేప్‌కిన్లు గాల్లో తిప్పమన్నారు. పెద్దోడు కుర్చీలో నిలబడి తిప్పాడు, చిన్నోడు చెవులు మూసుకున్నాడు.

నేను చెప్పేది డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఎప్‌కాట్ పార్కులోని గార్డెన్ గ్రిల్. ల్యాండ్ పెవిలియన్ అనే బిల్డింగ్‌లో పైన ఉంటుంది, రెస్టారెంట్ మొత్తం మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటుంది, కింద పడవల రైడ్ సీన్లు కనిపిస్తాయి. రైతు బట్టల్లో మిక్కీ, వాడి కుక్క ప్లూటో, ఇంకా చిప్, డేల్ అనే ఉడతలు వస్తారు. చిన్న చోటు, గోల తక్కువ. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అక్కడి సోఫా సీట్లు. పిల్లాణ్ణి గోడ వైపు లోపల కూర్చోబెట్టి, ఇటు నేను, అటు మా వారు కూర్చున్నాం. వెనకనుంచి ఎవరూ వచ్చే దారి లేదు, ఎవరొచ్చినా ఎదురుగానే, మధ్యలో టేబుల్. రెండు టేబుళ్ళ అవతల డేల్ వేరే పిల్లలతో ఆడుతుంటే మావాడు రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, నమలడం ఆపేసి చూస్తూ ఉండిపోయాడు. మా దగ్గరికి వచ్చేసరికి నా మోచెయ్యి పట్టుకున్నాడు కానీ ఏడవలేదు. నేను డేల్‌కి "వీడికి కొంచెం భయం" అని చేత్తో సైగ చేశాను, వెంటనే ఒక అడుగు వెనక్కి వేసి, కిందికి కూర్చుని, రెండు చేతులతో తన కళ్ళు మూసుకుని దాగుడుమూతలు మొదలుపెట్టాడు. వాళ్ళకు ఇది రోజూ అలవాటే.

కొత్త లెక్కల పుస్తకం:

నేను కాస్త డబ్బు సంగతి మాట్లాడతాను, అక్కా ఏమీ అనుకోవద్దు. అక్కడ 3 నుంచి 9 ఏళ్ళ వరకు పిల్లల రేటు, 10 దాటితే పెద్దల రేటు. 3 నిండనివాళ్ళకైతే బఫేలో డబ్బు అడగరు. అంటే మీ పాపకు కూడా లెక్క కడతారు. దాని మీద ఆరెంజ్ కౌంటీ ట్యాక్స్ 6.5 శాతం. ఇంకా మీరు ఆరుగురు కదా, ఆరుగురు అంతకంటే ఎక్కువ ఉంటే 18 శాతం టిప్ వాళ్ళే బిల్లులో వేస్తారు. చాలామంది అది గమనించక మళ్ళీ టిప్ రాసేస్తారు. మెనూ మీద కనపడిన రేటుకి దాదాపు పావు వంతు కలుపుకుని చూసుకోండి.

మిక్కీని కలవడం ఒక్కటే కావాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు ముందు భాగంలో టౌన్ స్క్వేర్ థియేటర్ ఉంది, టికెట్ తప్ప విడిగా డబ్బేం లేదు, లైన్లో నిలబడాలి అంతే. మొదటి రోజు బాబుని మీ వారు అక్కడికి తీసుకెళ్తారు, పాప మీ చంకలో ఉండి దూరంనుంచి చూస్తుంది. దాని ముఖం చూస్తే మీకే తెలిసిపోతుంది. డైనింగ్ మాత్రం మూడో రోజో నాలుగో రోజో పెట్టుకోండి, మొదటి రోజు వద్దు.

బుక్ చేసి వద్దనుకుంటే ముందుగా క్యాన్సిల్ చేయాలి, గడువు బుకింగ్ పేజీలో రాసి ఉంటుంది. చెప్పకుండా మానేస్తే మామూలుగా మనిషికి 10 డాలర్లు కార్డు మీద పడుతుంది, ఆరుగురంటే 60. ముందే మొత్తం కట్టించుకునే చోట్లు వేరు, వాటికి ఇంకా జాగ్రత్త.

గుడ్డు లేని వంట:

మీ అత్తగారి సంగతి నేను చెబుతానండి, మా అమ్మదీ అదే పట్టింపు. మొదటిది, ఆవిడ కోసమైతే బ్రేక్‌ఫస్ట్ వద్దు. మిక్కీ ఆకారం వాఫుల్స్ ఫోటోల్లో ఎంత ముద్దుగా ఉన్నా పిండిలో గుడ్డు ఉంటుంది, పాన్‌కేక్‌లూ అంతే. ఇంక ఎక్కువగా మిగిలేది పళ్ళు, బంగాళాదుంపలు. లంచ్ లేదా డిన్నర్ తీసుకోండి.

రెండోది, అక్కడ "వెజిటేరియన్" అనే మాట మీద ఆధారపడొద్దు, వాళ్ళ లెక్కలో గుడ్డు వెజిటేరియనే. మెనూలో ఆకు గుర్తు చూడండి. 2019 నుంచి పెడుతున్నారు, దానర్థం మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ లేవని. పాలు తినేవాళ్ళకు అది అవసరానికి మించిన జాగ్రత్తే, కానీ గుడ్డు భయం పూర్తిగా పోతుంది. మార్ష్‌మాలో ఉన్న స్వీట్లు కూడా వద్దని చెప్పండి, వాటిలో జెలటిన్ ఉంటుంది.

బుక్ చేసేటప్పుడు ఆహారం గురించి రాసే చోట రాయండి, కూర్చోగానే సర్వర్‌కి మళ్ళీ నోటితో చెప్పండి. మేం ఒక చోట (పేరు వద్దు) ముందే రాశాం కదా అని ఊరుకున్నాం. అందరికీ పళ్ళేలు వచ్చాయి, అమ్మకు మాత్రం 25 నిమిషాలకు గాని రాలేదు, అప్పటికి మేం సగం తినేశాం. ఆవిడ "నాకు ఆకలిగా లేదులే" అంటూ నీళ్ళు తాగుతూ కూర్చుంది. ఆ తర్వాత ప్రతిచోటా ముందు ఆవిడ తిండి మాట్లాడాకే నేను మంచినీళ్ళైనా ముట్టుకున్నాను. గార్డెన్ గ్రిల్‌లో చెప్పగానే మాంసం లేని పళ్ళెం విడిగా ఇచ్చారు, వేడిగా, సరిపడా. అమ్మ రెండోసారి కూడా అడిగి తింది.

చిన్నారి అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆకు గుర్తు సంగతి అత్తగారికి చదివి వినిపించాను, "అమ్మయ్య" అన్నారు. ఒక డౌట్, యువరాణులు వచ్చే చోటైతే పాప భయపడదేమో కదా? వాళ్ళకు పెద్ద తలలుండవు. ఫ్రోజెన్ సినిమాలో ఎల్సా అంటే పిచ్చి దీనికి.

వెయిట్రెస్ అక్క:

మంచి ఆలోచనే. మనిషి ముఖం కనిపించి, పేరు అడిగి మాట్లాడితే చాలామంది పిల్లలకు భయం ఉండదు. ఎప్‌కాట్ నార్వే పెవిలియన్‌లో అకెర్షుస్ అనే రెస్టారెంట్ ఉంది, అక్కడ రాజకుమార్తెలు టేబుల్ టేబుల్‌కీ వస్తారు. కానీ ఎల్సా అక్కడ ఉండదు! నార్వే అనగానే ఎల్సా, ఆమె చెల్లెలు అన్నా వస్తారనుకుని వెళ్ళి పిల్లలు డీలా పడిపోతారు. వాళ్ళిద్దరూ పక్కనే రాయల్ సోమర్‌హుస్ అనే ఇంట్లో విడిగా కలుస్తారు, అక్కడ భోజనం లేదు. సిండ్రెల్లా కోట లోపల రాయల్ టేబుల్ అనే రెస్టారెంట్ కూడా ఉంది, ఆ కోట 189 అడుగులు, లోపల కూర్చుని తినడం నిజంగా బాగుంటుంది, కానీ పాప సంగతి తేలకుండా అంత డబ్బు పెట్టొద్దు. మీ బాబుకేమో మిక్కీ కావాలి, అది కూడా చూసుకోండి.

నేను ఇలాంటి రెస్టారెంట్‌లో (ఆ పార్కుల్లో కాదు) ఒక సీజన్ పనిచేశాను కాబట్టి లోపలి సంగతి రెండు ముక్కలు. క్యారెక్టర్లు ఇష్టం వచ్చినట్టు తిరగరు, వరుసగా ఒక రూట్‌లో వస్తారు. మధ్యలో లోపలికెళ్ళి విశ్రాంతి తీసుకుని మళ్ళీ వస్తారు, ఆ సూట్‌లో ఎంత ఉక్కపోతో చూసినదాన్ని. కాబట్టి కూర్చోగానే సర్వర్‌ని "తర్వాత ఎవరు, ఎటునుంచి వస్తారు" అని అడగండి. వేషంలో ఉన్నవాళ్ళ పక్కన మామూలు బట్టల్లో ఒకరు తోడు ఉంటారు, పాప భయం సంగతి వాళ్ళకు చెప్పండి, క్యారెక్టర్ రాకముందే. ఆ తలలోంచి కిందికి, పక్కలకు సరిగా కనిపించదు, అందుకే పిల్లలు పక్కనుంచి వెళ్తే వాళ్ళకు తెలియదు, ఎదురుగా నిలబడాలి. ఆటోగ్రాఫ్‌కి లావు పెన్ను తీసుకెళ్ళండి, పుస్తకంలో పేజీ తెరిచి పట్టుకోండి, ఆ గ్లౌజులతో సన్న పెన్ను పట్టుకోవడం చాలా కష్టం.

ఇంకో మాట, పాప నిద్రపోయే టైమ్‌కి బుక్ చేయకండి. అర్ధరాత్రి దాకా రైడ్లు ఎక్కించి పొద్దున్నే లేపి తెచ్చిన పిల్లలే ఎక్కువ ఏడ్చేవాళ్ళు, ఇది నేను రోజూ చూసేదాన్ని. టిఫిన్ తిని కాస్త నిద్రపోయి లేచాక, ఆలస్యపు లంచ్ అయితే మేలు.

ఇద్దరబ్బాయిల తల్లి:

అక్క చెప్పినట్టు లంచ్ చూడండి. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, తూర్పు తీరం టైమ్ ప్రకారం ఉదయం 6కి. డిస్నీ హోటల్లో ఉంటే మొదటి రోజు నుంచి లెక్కపెట్టి ట్రిప్ మొత్తానికి (10 రోజుల వరకు) ఆ ఒక్క పొద్దున్నే చేసేయొచ్చు, బయట ఉంటే ఏ రోజుకారోజు లేవాలి. దొరక్కపోతే బాధపడకండి, ముందు రోజు, ఆ రోజు చాలామంది క్యాన్సిల్ చేస్తారు, డిస్నీ యాప్ తెరిచి చూస్తూ ఉండండి. గుర్తుంచుకోండి, గార్డెన్ గ్రిల్ పార్కు లోపల, ఆ రోజు ఎప్‌కాట్ టికెట్ ఉండాల్సిందే. చెఫ్ మిక్కీస్ హోటల్లో కాబట్టి టికెట్ అక్కర్లేదు.

చిన్నారి అమ్మ (తిరిగి వచ్చాక):

నిన్ననే ఇల్లు చేరాం, సూట్‌కేసులు ఇంకా విప్పలేదు, ముందు ఇది రాస్తున్నాను. మూడో రోజు మధ్యాహ్నం 2 గంటలకు గార్డెన్ గ్రిల్. పాప స్ట్రోలర్‌లో గంట పడుకుని లేచింది. లోపలి సీట్లో, నాకూ మామగారికీ మధ్య కూర్చోబెట్టాం. ముందు రెండు రోజులూ దూరంనుంచి చూపించాం, ఊరికే చూసింది, నోరు విప్పలేదు.

చిప్ వచ్చినప్పుడు నా ఒళ్ళో ముఖం దాచుకుంది, తోడు ఉన్నామెకు ముందే చెప్పాను కాబట్టి చిప్ బాబుతో చేతులు కలిపి, పాపకు దూరంనుంచి టాటా చెప్పి వెళ్ళిపోయాడు. మిక్కీ వచ్చినప్పుడు బాబు లేచి నిలబడిపోయాడు, మాట రాలేదు వాడికి, ఏడాది నుంచి అడిగినవాడు! పాప తల ఎత్తి చూసింది. తర్వాత సంచిలోంచి తన మిక్కీ బొమ్మ తీయమంది, చెవి దగ్గర కుట్టు ఊడిన ఆ పాత బొమ్మనే. దాన్ని టేబుల్ అంచున నిలబెట్టి, వేలితో ఆ చెవి చూపించింది. మిక్కీ వంగి చూసి, ఒక చేత్తో తన చెవి పట్టుకుని, ఇంకో చేత్తో అయ్యో అన్నట్టు బుగ్గ మీద కొట్టుకున్నాడు. పాప "నొప్పా?" అని అడిగింది. అంతకుమించి దగ్గరికి వెళ్ళలేదు, కలిసి ఫోటో కూడా లేదు, నేను అడగలేదు. ప్లూటో వచ్చేసరికి మళ్ళీ నా వెనక్కి.

అత్తగారికి విడిగా పళ్ళెం వచ్చింది, అందరితో పాటే వచ్చింది, మళ్ళీ ఇంకొంచెం పెట్టించుకున్నారు. బిల్లులో 18 శాతం ముందే వేసి ఉంది, మా వారు పెన్ను తీసి మళ్ళీ రాయబోతుంటే ఆపాను. సాయంత్రం బాబుని ఆయన ఇంకోసారి మిక్కీ దగ్గరికి తీసుకెళ్ళారు, నేనూ పాపా బయట బెంచీ మీద కూర్చుని బొమ్మ చెవికి బ్యాండేజీ అంటించాం.